పాంబనమ్మ

నా పేరు రాసుకునేటప్పుడు
ఎవలైనా కలం ఆపుతరు.
రేషన్ డీలరు ఆపిండు, బ్యాంకు సారు ఆపిండు.
దామరగిద్ద బడిల పంతులైతే
"పామమ్మనా?" అని మళ్ల అడిగి
తరగతి మొత్తాన్ని నవ్వించిండు.

మా దిక్కు వలస పోయినోళ్ల పిల్లలకు
పుట్టిన ఊరే పేరు.
చిన్నాయిన బిడ్డ పూనమ్మ,
ఎనకింటి పిలగాడు బొంబాయన్న.
నేను సముద్రం నడుమ పుట్టిన.
కేబులు కాలువ తవ్వే గుంపుల
మా అవ్వ జమ్ములమ్మ ఒక తట్ట,
నాయిన ఒక గడ్డపార,
మేస్త్రీ లెక్కల ఇద్దరు గలిసి ఒక జత.

నేను పుట్టిన రాత్రి గాలికి
డేరా లేసి పోయిందంట.
చేపలెండబెట్టే సవేరియమ్మ
అవ్వను తన గుడిసెలకు గుంజుకపోయి
చేపల కత్తి కాల్చి బొడ్డు కోసిందంట.

ఆ దీవి ముచ్చట అవ్వ
ఒక్కోసారి ఒక్కో తీరుగ చెప్తది.
శంఖాలమ్మే ముసలాయన ఒకసారి కుంటోడు,
ఇంకోసారి గుడ్డోడు.
రైలు మాత్రం మారదు.
నిండు బిందె నెత్తిన వెట్టుకున్న కొత్త కోడలు లెక్క
నీళ్ల మీద మెల్లగ, మస్తు మెల్లగ పోతదంట.
"పడవ వస్తే బ్రిడ్జి రెండు దిక్కుల లేస్తది,
పడవ పోయినంక పండుకుంటది."
గుడి చూసినవా అవ్వా అంటే
"గోపురం కనబడేది.
పని ఇడిసినంక
అంత దూరం నడిసే కాళ్లు ఎవరికున్నయి?"

బ్రిడ్జి దాటి రామనాథపురం దిక్కు పోతే
అదే సర్కారు తుమ్మ, అదే బొగ్గుబట్టీ,
పర్రెలు వాసిన చెరువు కడుపు.
ఆడోళ్లు తోపుడుబండ్ల మీద బిందెలు వెట్టుకొని
మంచినీళ్లకు కోసులు నడుస్తుండ్రంట,
పక్కన అంత సముద్రం పెట్టుకొని.
"అది సూసినంక నాకు ధైర్యమొచ్చింది" అంటది.
ఎందుకు ధైర్యమో
నేను అడగలే, ఆమె చెప్పలే.

మొన్న ఎండకాలం
నాలుగో బోరు ఏపిస్తుంటిమి.
తమిళ లారీ, తమిళ పిలగాండ్లు.
తెల్ల దుమ్ముల మనుషులు తెల్లగై
కండ్లు మాత్రమే నల్లగ కనబడుతుండె.
అవ్వ జొన్నరొట్టె, పుండికూర పట్టుకపోయి
అందర్ల చిన్నోని ముందర నిలబడి
"సాప్టియా తంబీ?" అన్నది.

ఇరవై నాలుగేండ్ల సంది
ఆ మాట ఆమె నోట్లె ఏడ దాసుకున్నదో.
వాడు రొట్టె అందుకోవడం మర్సిపోయిండు.
పేరు కరుప్పయ్య, ఊరు పరమక్కుడి దగ్గర.
అవ్వ నన్ను జబ్బ పట్టి ముందరికి గుంజి
నా పేరు చెప్పింది.
వాడు నవ్విండు.
ఈ పేరు విని నవ్వనోన్ని నేను చూడలే.
కానీ వీడు నవ్వి, మళ్ల తల కిందికి వేసి
చేతులతోని, సగం తమిళంతోని చెప్పిండు,
వాళ్లూరి నుంచి బస్సుకు రెండు గంటల దూరమంట,
తను గూడ ఎన్నడూ చూడలేదంట.
పదిహేనేండ్లకు లారీ ఎక్కిండు.
కర్నూలు చూసిండు, జడ్చర్ల చూసిండు,
గుల్బర్గాల రాయి ఎట్ల ఉంటదో ఎరుకంట.

ఏడొందల ఫీట్లు పోయింది.
దుమ్మే.
నాయిన బీడి ముట్టిచ్చుకొని
పైపులు లెక్కవెట్టుడు బంద్ చేసిండు.

మా ఇద్దరికి చూపెట్టాలని అవ్వ
ఆ దుమ్ముల గొంతు కూసోని
వేలుతోని పొడుగ్గ ఒక గీత గీసింది.
అటు ఇటు అలలు గీసింది.
"పడవొస్తుంది సూడుండ్రి" అని
రెండు చేతులు లేపబోయింది.
తట్టలు మోసిన కుడి జబ్బ
భుజం కాడనే ఆగింది.
ఎడమ చెయ్యి ఒక్కటే లేసి
గాజులు మోచేతి దాక జారినయి.

కరుప్పయ్య ఆ సగం సందుల నుంచే
పడవను పోనిచ్చిండు,
నోటితోని మోటరు సప్పుడు చేసుకుంట.